గోదావరి డెల్టాలో ఫిల్మ్, పేపర్, డార్క్‌రూమ్ కెమికల్స్ ఎక్కడ దాచాలి? బీరువా నుంచి ఫ్రీజర్ దాకా ఒక పోలిక

పోయిన ఏడాది జూలైలో ఒక పొద్దున ఫ్రిజ్‌లోంచి 120 రోల్ (వెనక కాగితంతో చుట్టి వచ్చే వెడల్పు ఫిల్మ్) ఒకటి తీసి, అప్పటికప్పుడే రేకు చింపి కెమెరాలో వేశాను. అమలాపురంలో ఆ రోజు వాన లేదు, ఉక్క మాత్రం విపరీతంగా ఉంది. లోడ్ చేస్తుంటే వెనక కాగితం వేలికి చల్లగా, కాస్త మెత్తగా తగిలింది. పట్టించుకోలేదు. కడిగాక చూస్తే, ఆకాశం ఉన్న ప్రతి ఫ్రేములోనూ చిన్న చిన్న చుక్కలు, వాటి మధ్య లీలగా 5, 6, 7 అంకెలు. వెనక కాగితం మీద అచ్చు వేసిన ఫ్రేము నంబర్లు తేమకు ఎమల్షన్ (ఫిల్మ్ మీద వెలుగుకు స్పందించే జెలటిన్ పూత) మీదికి దిగిపోయాయి. ఫిల్మ్ గడువు తీరలేదు. ఫ్రిజ్ బాగానే ఉంది. నేను తీసిన పద్ధతే బాగోలేదు.

ఫిల్మ్ డబ్బాల మీద ‘చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి’ అని ఉంటుంది. ధవళేశ్వరం దిగిన దగ్గర్నుంచి సముద్రం దాకా అలాంటి చోటు ఏ ఇంట్లోనూ దానంతటది ఉండదు. ఫ్రిజ్ కొంటే చలి వచ్చేస్తుంది, పొడి రాదు. అందుకే మన వైపు ఫిల్మ్ దాచుకునేవాళ్లు ముందు తేమ గురించి ఆలోచించి, ఆ తర్వాతే చలి గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా చూసుకోవాల్సినవి

మొదటిది తేమ. వాడని ఫిల్మ్‌కైనా, కడిగిన నెగెటివ్‌కైనా గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. 65 దాటి కొన్ని వారాలు ఉంటే జెలటిన్ మీద బూజు మొదలవుతుంది. వానాకాలంలో మన గదుల్లో 80 శాతం మామూలే. ఏ పరికరం కొనేముందైనా ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కొనండి. మీ బీరువాలో, అటక మీద, మేడ మీద గదిలో రెండేసి రోజులు పెట్టి చూడండి. ఒకే ఇంట్లో ఎంత తేడా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. గది 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు, 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న వస్తువు ఏదైనా చెమరుస్తుంది. అంటే ఫ్రిజ్‌లోంచి తీసినదే కాదు, 24 డిగ్రీల ఏసీ గదిలోంచి వసారాలోకి తెచ్చినది కూడా. మంచినీళ్ల సీసా మీద కనిపించే ఆ చెమటే ఫిల్మ్ మీద కూడా పడుతుంది. కాకపోతే రోల్ లోపల కాబట్టి మనకు కనిపించదు.

రెండోది వేడి. వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన మార్పుల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని మోటు లెక్క. మే నెలలో రాజమండ్రిలో 40 దాటడం కొత్త కాదు. కలర్ ఫిల్మ్‌లో మూడు పొరలూ ఒకేలా పాతబడవు కాబట్టి రంగు తేడా కొడుతుంది. బ్లాక్ అండ్ వైట్ కొంచెం ఓర్చుకుంటుంది, అందులోనూ 100 లాంటి తక్కువ స్పీడు (వెలుగుకు తక్కువగా స్పందించే) ఫిల్మ్ ఇంకా ఎక్కువ ఓర్చుకుంటుంది. 400, 800 వాటికి పొగమంచు లాంటి ఫాగ్ త్వరగా వస్తుంది.

మూడోది ఆవిర్లు. యాసిడ్ ఫిక్సర్ (కడిగిన బొమ్మను చెరిగిపోకుండా నిలిపే రసాయనం) వదిలే గంధకపు ఘాటు, ప్రింటుకి గోధుమరంగు తెచ్చే సెపియా టోనర్‌లో వాడే సోడియం సల్ఫైడ్ వాసన, కొత్తగా వేసిన పెయింట్, కొత్త ప్లైవుడ్... ఇవన్నీ ఫిల్మ్‌ని, పేపర్‌ని పాడుచేస్తాయి. కెమికల్స్ ఒక గదిలో, ఫిల్మ్, పేపర్ ఇంకో గదిలో ఉండాలి. ఇల్లు ఎంత చిన్నదైనా ఈ ఒక్కదాని దగ్గర రాజీపడకండి.

ఇక ఇంట్లో పిల్లలు, వరద, కరెంటు. వీటి సంగతి వచ్చినచోట చెబుతాను.

వాడని ఫిల్మ్: ఆరు చోట్లు

| చోటు | చలి | పొడి | కరెంటు పోతే | ఎవరికి |
|---|---|---|---|---|
| బీరువా, అటక | లేదు | లేదు | తేడా లేదు | ఎవరికీ వద్దు |
| బిగుతు డబ్బా, సిలికా జెల్ | లేదు | బాగుంటుంది | తేడా లేదు | రెండు మూడు నెలల్లో వాడేసేవాళ్లకి |
| ఇంటి ఫ్రిజ్, బిగుతు డబ్బాలో | బాగుంటుంది | డబ్బా ఉంటేనే | మెల్లగా వేడెక్కుతుంది, ఫర్వాలేదు | ఎక్కువమందికి |
| డీప్ ఫ్రీజర్ | చాలా బాగుంటుంది | డబ్బా ఉంటేనే | ఫర్వాలేదు | ఏళ్ల తరబడి దాచేవాళ్లకి |
| డ్రై క్యాబినెట్ (తేమ తగ్గించే కరెంటు అలమర) | లేదు | చాలా బాగుంటుంది | తలుపు తీయకపోతే కొన్నాళ్లు ఆగుతుంది | కెమెరాలు, నెగెటివ్‌లు ఉన్నవాళ్లకి |
| రాత్రిపూట ఏసీ వేసే గది | సగం రోజే | సగం రోజే | చలీ, పొడీ రెండూ పోతాయి | ఒంటరిగా సరిపోదు |

అటక గురించి ఒక్కమాట. స్లాబు కింద ఉండే అటక మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో అన్నిటికన్నా వేడి చోటు. అక్కడికి చేయి పెట్టి చూస్తే చాలు. ఇనుప బీరువా తలుపు సందుల్లోంచి గాలి ఎలాగూ లోపలికి వస్తుంది. పాత చీరల మధ్య దాచితే ఫిల్మ్ భద్రంగా ఉంటుందన్న ధీమా తప్ప ఉపయోగం లేదు.

తడి గోనె చుట్టిన కుండ, మట్టి పాత్ర లాంటి ఉపాయాలు కూడా కొందరు అడుగుతుంటారు. అవి అనంతపురం ఎండలో పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడి పొడిగాలి నీటిని లాక్కుని చల్లబరుస్తుంది. మన గాలి ముందే నీళ్లు తాగి ఉంది. చల్లదనం అంతంతమాత్రం, చెమ్మ మాత్రం పెరుగుతుంది.

రాత్రి ఏసీ వేసుకుని పొద్దున్నే ఆపి కిటికీలు తీసే గది పైకి మంచిదిగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఫిల్మ్ రోజూ చల్లబడి, రోజూ తడిగాలికి చెమరుస్తుంది. గదంతా ఏసీ ఉంది కదా అని ఫిల్మ్‌ని బయట అరలో పెట్టకండి. బిగుతు డబ్బాలో పెడితే అదే గది ఎంతో మేలు.

ఎక్కువమందికి నేను చెప్పే సమాధానం ఇంటి ఫ్రిజ్. దానికి వేరే ఫ్రిజ్ కొనక్కర్లేదు. సీలు ఉన్న ఫిల్మ్ డబ్బాల వల్ల కూరగాయలకు ప్రమాదం లేదు. రబ్బరు అంచు, నాలుగు వైపులా క్లిప్పులు ఉండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, అందులో ఫిల్మ్, ఒక 50 గ్రాముల సిలికా జెల్ సంచీ పెట్టండి. మూత ఎక్కడ వేస్తున్నారన్నది ముఖ్యం. ఉక్కగా ఉన్న వంటింట్లో మూత వేస్తే, 10 లీటర్ల డబ్బాలో పావు గ్రాము దాకా నీటి ఆవిరిని లోపల బంధించినట్టే. ఫ్రిజ్‌లోకి వెళ్లాక అందులో ఎక్కువ భాగం నీరుగా మారుతుంది. అరగంట ఏసీ వేసిన గదిలో కూర్చుని మూత వేస్తే ఈ బాధ సగానికి పైగా పోతుంది, మిగతాది జెల్ చూసుకుంటుంది.

సిలికా జెల్‌లో నీలం గింజలు తడిస్తే గులాబీ రంగుకి, నారింజ గింజలు ఆకుపచ్చకి తిరుగుతాయి. నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్ వల్ల వస్తుంది, అది విషం. అందుకే నేను నారింజవే కొంటాను. తడిసినవాటిని వంటకు వాడని పాత మూకుడులో సన్నని మంట మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. జెల్ దొరకనప్పుడు దోరగా వేయించి చల్లార్చిన బియ్యం గుడ్డలో మూటగట్టి పెట్టినా కొంత పనిచేస్తుంది.

ఫ్రిజ్‌లోంచి తీశాక డబ్బాలో, రేకులో ఉండగానే గది వేడికి రానివ్వాలి. 135 (35 ఎంఎం) రోల్‌కి గంటన్నర, ఫ్రీజర్‌లోదైతే మూడు గంటలు, 100 అడుగుల బల్క్ రోల్‌కి అంతకంటే ఎక్కువ. నేనిప్పుడు ముందురోజు రాత్రే తీసి పెట్టేస్తున్నాను, గడియారం చూసుకునే పనే లేదు. ఫిల్మ్ ఒకసారి వాడాక మళ్లీ ఫ్రిజ్‌లో దాచి నెలలు గడపొద్దు. తీసిన బొమ్మ కడిగేదాకా బలహీనపడుతూనే ఉంటుంది. వారం రెండు వారాల్లో కడిగెయ్యండి.

ఫ్రీజర్ ఎవరికి? ఆపేసిన రకం ఫిల్మ్ పాతిక రోల్స్ ఒకేసారి కొని అయిదారేళ్లు వాడుకునేవాళ్లకి. నెలకో రోల్ తీసేవాళ్లకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఒక జాగ్రత్త: ఇన్‌స్టంట్ ఫిల్మ్‌ని ఎప్పుడూ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, లోపలి రసాయనపు పొట్లం దెబ్బతింటుంది. దానికి ఫ్రిజ్ చాలు.

తుఫాను వచ్చి రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే ఏమిటని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. బిగుతు డబ్బాలో ఉన్న ఫిల్మ్ మెల్లగా వేడెక్కి, మళ్లీ మెల్లగా చల్లబడితే నష్టం లేదు. ఏం జరిగిందో చూద్దామని మాటిమాటికీ మూత తీస్తేనే నష్టం. ఫ్రిజ్‌లో ఖాళీ జాగాని నీళ్ల సీసాలతో నింపి ఉంచితే చలి ఇంకాసేపు నిలుస్తుంది.

డ్రై క్యాబినెట్‌ని కొందరు అన్నిటికీ మందులా చెబుతారు. అది తేమను 40 శాతం దగ్గర నిలబెడుతుంది, వేడిని ఏమీ చేయదు. మే నెలలో లోపల కూడా 36 డిగ్రీలే. లెన్సులకి, కడిగిన నెగెటివ్‌లకి దాన్ని మించింది లేదు. కొత్త కలర్ ఫిల్మ్‌కి మాత్రం ఫ్రిజ్‌లో డబ్బాయే మేలు. కొన్నా తేమని 30 కంటే కిందికి దించకండి, జెలటిన్ ఎండి పెళుసెక్కుతుంది.

ప్రింటింగ్ పేపర్

పేపర్‌కి ఫిల్మ్ నియమాలే, ఒక చిక్కు ఎక్కువ. పేపర్ పెట్టె పెద్దది, ఫ్రిజ్‌లో పట్టదు. ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉండే) పేపర్లలో కొన్నిటికి ఎమల్షన్‌లోనే డెవలపర్ (బొమ్మను పైకి తెచ్చే రసాయనం) కలిపి ఉంటుంది. అవి వేడికి త్వరగా ఫాగ్ అవుతాయి. ఆ పూత లేని ఫైబర్ పేపర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. వేరియబుల్ కాంట్రాస్ట్ (ఫిల్టర్లతో కాంట్రాస్ట్ మార్చుకునే) పేపర్ పాతబడితే ముందు కాంట్రాస్ట్ పోతుంది, తర్వాత తెలుపు బూడిదరంగుకి తిరుగుతుంది.

నా సలహా: 100 షీట్ల పెట్టె కొనే బదులు 25 షీట్లవి కొనండి. షీటుకి కొంచెం ఎక్కువే పడుతుంది. కానీ తెరిచిన పెద్ద పెట్టె రెండు వానాకాలాలు చూసిందంటే చివరి 40 షీట్లు టెస్ట్ స్ట్రిప్స్‌కి తప్ప పనికిరావు. నల్ల పాలిథీన్ సంచీ నోరు మడిచి, పెట్టెను పడుకోబెట్టి, ఇంకో జిప్ కవర్‌లో పెట్టాలి. నిలబెడితే షీట్లు వంగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టగలిగితే, తీశాక ఒక రాత్రంతా ఆగాలి. దొంతరగా ఉన్న కాగితం లోపలికి వేడి చేరడానికి చాలా సమయం పడుతుంది.

కెమికల్స్: పొడి, గాఢ ద్రావణం, కలిపిన స్టాక్

కెమికల్స్‌ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. తిండి ఉన్నచోట విషం ఉండకూడదన్నది ఒక కారణం. చలికి డెవలపర్‌లోని లవణాలు అడుగున గట్టిపడి, మళ్లీ పూర్తిగా కరగకపోవడం ఇంకోటి. ఇంట్లో ఉత్తరం వైపు, ఎండ తగలని గదిలో కింది అర సరిపోతుంది.

ఏ రూపంలో కొనాలన్న ప్రశ్నకు డి-76 అనే బ్లాక్ అండ్ వైట్ డెవలపర్ మంచి ఉదాహరణ. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ఇంతే దాని సూత్రం. సీలు తీయని ప్యాకెట్ ఏళ్ల తరబడి ఉంటుంది. నీళ్లలో కలిపాక నిండుగా, బిగుతుగా ఉన్న సీసాలో ఆరు నెలలు, సగం ఖాళీ సీసాలో రెండు నెలలు అంటారు. మన ఎండాకాలంలో అందులోంచి కొంత కోసుకోవడం మంచిది. నెలకి రెండు రోల్స్ కడిగేవాళ్లు గాలన్ ప్యాకెట్ కలిపేసి సగం పారబోయడం కంటే, గాఢ ద్రావణం కొనుక్కుని కావాల్సినంతే కలుపుకోవడం చవక. వారానికి పది రోల్స్ కడిగే స్టూడియోకి, కాలేజీ క్లబ్‌కి పొడి ప్యాకెట్లే గిట్టుబాటు.

పొడుల్ని విడివిడిగా కొని తూచుకునేవాళ్లు తేమతో ఎక్కువ పోరాడాలి. పొటాషియం కార్బొనేట్ మూత తీసిన పూటే నీరు కారడం మొదలుపెడుతుంది. కాస్టిక్ సోడా గాజు సీసా మూతను పట్టేసుకుంటుంది, దాన్ని ప్లాస్టిక్‌లోనే ఉంచాలి. ఒక్కో పొడినీ చిన్న చిన్న డబ్బాల్లోకి పంచి పెట్టుకుంటే ఒకటి తడిసినా మిగతావి ఉంటాయి.

సీసాల్లో నా మొదటి ఎంపిక గోధుమరంగు గాజు. గాలిని పూర్తిగా ఆపుతుంది, డెవలపర్‌కి ఇదే మంచిది. తడి చేతుల్లోంచి జారితే పగులుతుంది, అదొక్కటే భయం. మెత్తగా నొక్కుకుపోయే ప్లాస్టిక్ సీసాల్లోంచి గాలి మెల్లగా లోపలికి పోతుంది. వాటిలో ఫిక్సర్, స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపే పుల్లని ద్రావణం) పెట్టుకోవచ్చు. సిరప్‌లు వచ్చే గట్టి పెట్ సీసాలు ఈ రెంటికీ మధ్యస్తం. సీసా సగం అయితే కడిగి ఆరబెట్టిన గాజు గోళీలు వేసి మట్టం పైకి తెచ్చే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. చిన్న సీసాల్లోకి నిండా పంచుకోవడం ఇంకా సుఖం.

కూల్‌డ్రింక్ సీసాలో, మంచినీళ్ల సీసాలో మాత్రం ఏదీ పోయొద్దు. లేబుల్ అంటించినా వద్దు. ఎండన పడి వచ్చిన పిల్లాడు లేబుల్ చదవడు. కొత్త సీసా కొని, పేరు, కలిపిన తేదీ పర్మనెంట్ మార్కర్‌తో రాసి, పైన సెలోటేప్ వేసి, తాళం ఉన్న అరలో పెట్టండి.

స్టాప్ బాత్ కోసం చాలామంది ఇప్పటికీ గ్లేషియల్ అసెటిక్ యాసిడ్ తెచ్చుకుంటారు. చర్మాన్ని కాల్చేస్తుంది. సుమారు 39 డిగ్రీల దగ్గర దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది, మన మే నెల వేడి అంతకంటే ఎక్కువే. దాన్ని ఇంట్లో దాచడం కంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వాడండి. అది సిట్రిక్ యాసిడే. లీటరు నీళ్లకి 15 గ్రాములు చాలు. వాసన లేదు, పొడిగా దాచుకోవచ్చు. కలిపినది నాలుగు రోజులుంటే బూజు పడుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. అసెటిక్ యాసిడే కావాలనుకుంటే ముందే పలచన చేసిన దాన్ని తెచ్చుకోండి. పలచన మీరే చేయాల్సి వస్తే నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు.

కలిపి పెట్టకూడని జంటలు కొన్ని ఉన్నాయి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. సోడియం సల్ఫైడ్‌కి యాసిడ్ తగిలితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. పొటాషియం ఫెర్రిసయనైడ్ మామూలుగా అంత ప్రమాదం కాదు, ఘాటైన యాసిడ్, వేడి తగిలితే మాత్రం సయనైడ్ వాయువు విడుదలవుతుంది. హైపోని (ఫిక్సర్‌లో ఉండే సోడియం థయోసల్ఫేట్‌ని) బ్లీచింగ్ పౌడర్ పక్కన పెట్టొద్దు. రొయ్య పిల్లల హేచరీల్లో క్లోరిన్ విరగ్గొట్టడానికి వాడేది ఇదే హైపో. రెండూ కలిస్తే అంత గట్టిగా చర్య జరుగుతుంది. చెరువుల మందులు కూడా ఇంట్లోనే నిలవ చేసే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను: రెండిటికీ ఒకే గది వద్దు.

సీసాలు కళ్ల ఎత్తుకి పైన పెట్టకూడదన్నది ఎక్కడైనా చెప్పే నియమం. జారితే మొహం మీద పడతాయి. నేల మీద పెడితే మన దగ్గర వరద భయం. మోకాలి నుంచి నడుము ఎత్తు మధ్య ఒక అర, దాని మీద అంచున్న ప్లాస్టిక్ ట్రే, ట్రేలో సీసాలు. లంక గ్రామాల్లో ఉండేవాళ్లు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు చేరగానే ఈ ట్రేలని మేడ మీదికి ఎక్కించెయ్యాలి. 13.75 దాటి రెండో హెచ్చరిక వచ్చాక సామాన్లు మొయ్యడానికి మనుషులు దొరకరు.

పాత నెగెటివ్‌ల ట్రంకు పెట్టె

మూసేసిన స్టూడియోల ఇళ్లలో ఇది తప్పకుండా కనిపిస్తుంది. మూత తీయగానే పులిసిన ఆవకాయ జాడీ తెరిచినట్టు ముక్కుకి పుల్లటి ఘాటు కొడితే, అది అసిటేట్ ఫిల్మ్ విరిగిపోతున్న వాసన. అందులోంచి వచ్చే యాసిడ్ పక్క నెగెటివ్‌లని కూడా అదే దారి పట్టిస్తుంది. వాసన వచ్చేవాటిని వేరు చేసి, ముందు వాటినే స్కాన్ చేయించండి. బాగున్నవాటిని పీవీసీ కవర్లలో కాకుండా పాలీప్రొపిలీన్ కవర్లలో వేసి డ్రై క్యాబినెట్‌లో పెట్టండి. కొత్త క్యాబినెట్ ఖర్చుకి సందేహించేవాళ్లకి ఒక్కటే చెబుతాను: కొత్త ఫిల్మ్ మళ్లీ కొనుక్కోవచ్చు. మీ ఊరి 1960ల నాటి పెళ్లిళ్లు, తీర్థాలు మళ్లీ కొనలేం. బొద్దింకలకి జెలటిన్ ఇష్టం, అందుకే ఆ గదిలో తిండి వద్దు.

1950ల మొదటికి ముందువైతే నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు. అంచున ‘నైట్రేట్’ అని ఇంగ్లీషులో అచ్చు ఉందేమో చూడండి. గోధుమరంగుకి తిరిగి, జిగటగా, పొడిపొడిగా ఉంటే అది బాగా పాడైనట్టు. అలాంటిది 40 డిగ్రీలకి కాస్త పైన వేడిలో ఎక్కువ రోజులు ఉంటే దానంతటదే అంటుకోవచ్చు, నీళ్లు పోసినా ఆరదు. దాన్ని ఏ చోటైనా దాచడం గురించి ఆలోచించొద్దు. ఇంట్లోంచి బయటికి, నీడలోకి మార్చి అగ్నిమాపక కేంద్రం వాళ్లతో మాట్లాడండి.

వరద నీటిలో నెగెటివ్‌లు తడిస్తే ఎండబెట్టేయాలని చెయ్యి ముందుకు పోతుంది. అలా చేస్తే ఒకదానికొకటి అతుక్కుపోయి ఇక విడిపోవు. శుభ్రమైన చల్లని నీళ్లలో మునిగేలా ఉంచి, రెండు మూడు రోజుల్లోపు ఒక్కొక్కటిగా కడిగి, విడివిడిగా క్లిప్పులకి వేలాడదీయాలి.

వాడేసిన ఫిక్సర్

దాచడంలో ఇది కూడా భాగమే, ఎందుకంటే దీన్ని సింకులో పోయకూడదు. అందులో వెండి కరిగి ఉంటుంది, వెండి నీటి జీవాలకు విషం. మన మురుగు కాలువలోకి, అక్కడి నుంచి డ్రెయిన్లలోకి, ఆ డ్రెయిన్ నీళ్లు తోడుకునే చేపల, రొయ్యల చెరువుల్లోకి పోతుంది. 5 లీటర్ల ప్లాస్టిక్ క్యానులో పోగుచేయండి. నిండాక బకెట్‌లో పోసి ఇనుప పీచు వేస్తే, ఇనుము కరిగి వెండి అడుగున నల్లటి మడ్డిలా దిగుతుంది. గిన్నెలు తోమే మెరిసే స్టెయిన్‌లెస్ పీచు దీనికి పనికిరాదు. చెక్కపని వాళ్లు వాడే, తుప్పు పట్టే రకం కావాలి. ఈ పని చేసేటప్పుడు మూత బిగించకండి, వాయువు పుట్టి బకెట్ ఉబ్బుతుంది. పాత ఎక్స్‌రే ల్యాబ్‌ల నుంచి ఫిక్సర్ కొనుక్కెళ్లే వ్యాపారి మీ దగ్గర ఉంటే క్యాను అతనికే ఇచ్చెయ్యొచ్చు. ఈలోగా దాన్ని గాలి ఆడే బయటి అరుగు మీద, నీడలో, పేరు రాసి ఉంచండి. ఫిల్మ్ డబ్బా ఉన్న గదికి వీలైనంత దూరంగా.